ఆ మేకుకే

కులంబర్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కూలీ లైన్లలో గదుల గుమ్మాలు ఏ మనిషి ఎత్తుకీ కొట్టినవి కావు. నడుము వంచి తల దించితే తప్ప లోపలికి దూరలేం. హార్పర్ దొర ఆరడుగుల మనిషి, పైగా నెత్తిన టోపీ. పొలంలో పని చేయించే ఓవర్‌సీరు దొరని లైన్లో అందరూ కులంబర్ అంటారు. అలాంటి కులంబర్ ఒక కూలీ గుమ్మం ముందు నడుము వంచడం ఫిజీ దీవుల్లో ఈ రాకీరాకీ చుట్టుపక్కల చెరకు ఎస్టేట్లలో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"బుఖార్?" అన్నాడు వచ్చీరాని హిందుస్తానీలో. "కామ్‌కి బుఖార్. బాజాకి బుఖార్ నహీ?"

చాప మీంచి లేవబోయిన ద్రౌపదికి కళ్ళు తిరిగాయి. జ్వరం అబద్ధం కాదు. మూడు రోజులుగా గంజి కూడా కడుపులో నిలవలేదు. ఆ బుధవారం మధ్యాహ్నం చెమట పట్టి ఒళ్ళు కాస్త తేలికైతే, గోడకి ఆనుకుని ఫిడేలు ఒళ్ళోకి తీసుకుంది. నాలుగుసార్లు కమాను లాగిందో లేదో గుర్రం డెక్కల చప్పుడు. గబగబా గోనెసంచిలో పెట్టి మేకుకి తగిలించేసరికి గుమ్మంలో వెలుతురు పోయింది.

కులంబర్ చేతికర్రకి వంకీ పిడి ఉంది. ఆ కర్ర తిరగేసి, చెయ్యి మాత్రం లోపలికి చాచి, వంకీతో సంచి తాడుని మేకు మీంచి లేపాడు. ఎక్కడా నడుము వంగలేదు, టోపీ చెదరలేదు. సంచి గాల్లో ఊగుతూ ఆమె తల మీంచే గుమ్మం దాటింది.

"దొరా! అది నాది! ఓడలో నాతో వచ్చింది! మేరా హై, మేరా!"

"జప్తు" అన్నాడతను. సంచి జీనుకి కట్టుకుని, మళ్ళీ వెనక్కి చూడకుండా బంగళా దారి పట్టాడు. ద్రౌపది గుమ్మం దాకా పాకి అక్కడే కూలబడింది.

పొద్దువాలాక చెరకు కత్తి భుజాన వేసుకుని ప్రేమ్‌వతి వచ్చింది. ఇద్దరిదీ ఒకే గది. ప్రేమ్‌వతిది ఎక్కడో ఉత్తరాదిన బస్తీ జిల్లా, ఈమెది కాకినాడ. రెండేళ్ళలో ఒకరి భాష ఒకరికి సగం సగం అంటుకుంది.

"రో రహీ హో? ఏడుస్తున్నావా బహిన్?"

"ఏడుపెందుకు? ఒళ్ళు మండిపోతోంది. అటు చూడు ప్రేమా. ఆ మేకు నేను కొట్టుకున్నది. పొయ్యిరాళ్ళు కూడా వెతుక్కోకుండా ముందు దాన్ని కొట్టుకున్నాను."

"జానే దే. పోనీలే. జైల్లో పెట్టలేదు, సంతోషించు."

"ఎలా పోనిస్తానే? పొద్దస్తమానం చెరకు, ఎరువు, కత్తి. సాయంత్రం ఒక్క ఘడియ అది ఒళ్ళో ఉంటేనే నేను ద్రౌపదిని. లేకపోతే వాళ్ళ పుస్తకంలో ఒక నంబర్ని. తెచ్చుకుంటాను. ఎలాగంటావా, నాకూ తెలీదు. తెచ్చుకోవడం మాత్రం తెచ్చుకుంటాను."

ప్రేమ్‌వతి పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పొయ్యి రాజెయ్యడానికి వెళ్ళిపోయింది.

శుక్రవారం తెల్లారగానే కూలీల మేస్త్రీ, సర్దార్, వచ్చి ద్రౌపదీ ప్రేమ్‌వతీ సహా ఆరుగురు ఆడవాళ్ళని మేనేజరు బంగళాకి పొమ్మన్నాడు. హాలు కడగాలట. శనివారం సాయంత్రం దొరల కచేరీ ఉందట. ద్రౌపదికి ఇంకా కాళ్ళు తేలిపోతూనే ఉన్నాయి, అయినా ముందు వరసలో నడిచింది.

అబ్బో, ఆ హాలు! లైన్లో పన్నెండు గదులు అందులో పట్టేస్తాయి. చెక్క నేలంతా సబ్బునీళ్ళు పోసి, మోకాళ్ళ మీద కూచుని, కొబ్బరిపీచుతో రుద్దాలి; రుద్దిన చోట పొడిగుడ్డతో తుడవాలి; తుడిచిన చోట మైనం రాయాలి. ఇటు ఆడవాళ్ళు నేల రుద్దుతుంటే అటు ఎనిమిదిమంది మగవాళ్ళు పియానోని పక్కగదిలోంచి తెచ్చారు. నల్లగా నిగనిగలాడే పెట్టె. తాళ్ళు కట్టి, వెదురు బొంగులు దూర్చి, భుజాల మీద లేపి "హైస్సా" అంటూ అడుగు అడుగే జరిపారు. దాని పాదం నేలకి తగిలినప్పుడల్లా కడుపులో తీగలన్నీ కలిసి మూలిగేవి. కిందపడితే చర్మం ఒలుస్తానని సర్దార్ కేకలు వేస్తూనే ఉన్నాడు.

ఆ గొడవ సద్దుమణిగాక లోపలి గదిలోంచి ఫిడేలు వినబడింది.

ద్రౌపది చేతిలో పీచు ఆగిపోయింది. పాట తెలియదు. శ్రుతి తమది కాదు, తీగలు తెగేంత బిగించి ఉన్నాయి. అయినా మూడో తీగ కింది స్థాయికి దిగేటప్పుడు చిన్న జీర ఒకటి వస్తుంది చూశారూ, ఆ జీర ఆమెకి తెలుసు. పన్నెండేళ్ళు ఆ జీరతో పోట్లాడింది. పీచు అక్కడే వదిలేసి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

వంటింటి ఏలుబడి వెంకటస్వామిది. మద్రాసులో దొరల దగ్గర వంట, ఇంగ్లీషు రెండూ నేర్చుకుని, ఇక్కడికొచ్చి బంగళాలో పడ్డాడు. చెరకు కత్తి పట్టనివాడు కనక లైన్ వాళ్ళకి అతనంటే కొంచెం ఉక్రోషం. అతనికి లోకమంతా భయమే.

"బాబాయ్, లోపల వాయిస్తున్నదెవరు?"

"ష్! మెల్లిగా అమ్మీ. ఎల్లిస్ దొరసాని. సిడ్నీ నుంచి వచ్చింది, పెద్ద విద్వాంసురాలట. మంగళవారం పెట్టె తెరిస్తే ఏముంది, ఓడలో చెమ్మకి ఆవిడ ఫిడేలు అతుకులు విడిపోయాయి. మన మేనేజరు దొరసాని ఒకటే కన్నీళ్ళు. కచేరీలో సగం పాతకాలం పాటలు, సగం కొత్తవి. ఆ కొత్తవాటిలో మన దొరసాని సొంతంగా కట్టిన పాట ఒకటుంది, 'చెరకు తోటలో గాలి' అని. ఫిడేలు లేకపోతే అది లేదు. అప్పుడు హార్పర్ దొర లేచి, చనిపోయిన మా అన్నగారి ఫిడేలు ఉంది నా దగ్గర, రేపు తెస్తానన్నాడు."

"బుధవారం తెచ్చాడు."

వెంకటస్వామి ఉల్లిపాయ తరగడం ఆపాడు. 

"గోనెసంచిలో వచ్చింది. జీను మీంచి నేనే విప్పాను. సంచి దాచమన్నాడు, బియ్యం డబ్బా వెనక పెట్టాను. నీదని అప్పుడే అనుకున్నానే అమ్మీ."

"అయితే చెప్పు దొరసానికి!"

"నేనా? నీకు దణ్ణం పెడతాను. ఒక్క మాట జారితే నన్ను రేపే పొలంలోకి తోస్తారు. యాభై దాటినవాణ్ణి, చెరకు కొట్టగలనా?"

అతన్ని తిట్టాలనిపించింది ద్రౌపదికి. తిట్టకుండానే వెళ్ళి మళ్ళీ పీచు అందుకుంది.

టీ వేళకి ఎల్లిస్ దొరసాని వరండాలోకి వెళ్ళింది. హాల్లో పియానో మీద ఫిడేలు ఒంటరిగా ఉంది. మైనం గుడ్డ పట్టుకుని ద్రౌపది దగ్గరికి వెళ్ళింది. తీసుకుని పరిగెత్తితే? ఎక్కడికి? చుట్టూ చెరకు, ఆవల సముద్రం. దొరికితే దొంగతనమంటారు, అప్పుడు నిజంగానే అతనిదైపోతుంది. వంగి చూసింది. ఫిడేలు తల చుట్టుకున్న చోట, కుడిపక్క, పక్కపక్కనే మూడు గీతలు. చెమట, నూనె ఇంకి నల్లబడ్డ పాత గీతలు.

"కడియం తీసి వాయించవే మొండిదానా, కొయ్య అరిగిపోతోంది" అని కాకినాడలో గురువుగారు రోజూ తిట్టేవారు. ఆయన తిట్టినకొద్దీ ఈమె తీసేది కాదు. ఫిడేలు తల కుడికాలి మడమ మీద ఆనించి కూచుంటే, కడియం మీది మూడు మెలికలూ ఆ కొయ్యనే ఒరుసుకునేవి.

ద్రౌపదికి నవ్వొచ్చింది. జ్వరం తగిలాక మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం ఆమె బియ్యం కుండలో చెయ్యి పెట్టి, అడుగున గుడ్డలో చుట్టి దాచిన వెండి కడియం తీసింది. చెరకు ఆకు ఇరుక్కుని కాలు కోసుకుపోతుందని పొలంలోకి ఎప్పుడూ వేసుకునేది కాదు.

"ఇవాళ పంకా లాగడానికి పోతున్నావు. కడియమెందుకు?" అంది ప్రేమ్‌వతి.

"కచేరీకి వెళ్తున్నాను కాబట్టి."

నాలుగింటికి బగ్గీలు వచ్చాయి. పెనాంగ్ చక్కెర మిల్లు వైపు నుంచి దొరలు, దొరసానులు, ముందు వరసలో మేజిస్ట్రేటు దొర. పియానో మోసిన మగవాళ్ళు, నేల రుద్దిన ఆడవాళ్ళు గడ్డిలో కంచె అవతల కూచోవచ్చని మేనేజరు దయతలిచాడు. ద్రౌపది హాలు వెనకగోడ దగ్గర నిలబడి పంకా తాడు లాగుతోంది. తాడు లాగుతూనే ఒక్కో స్వరం వింటోంది.

పాత పాటలు బాగున్నాయి. బాగున్నదాన్ని బాగుందనడానికి ఆమెకి అడ్డేమీ లేదు. మేనేజరు దొరసాని పియానో మీద మెట్లు మెట్లుగా కట్టుకుంటూ పోతుంటే, ఎల్లిస్ దొరసాని నిలబడే, ఫిడేలు గడ్డం కింద ఇరికించుకుని, ఆ మెట్లెక్కి అవలీలగా దిగుతోంది. విద్య ఉన్న మనిషే. ఆ చెయ్యి చూస్తుంటే గౌరవం కలిగింది, అసూయా కలిగింది.

తర్వాత కొత్త పాట. చెరకు తోటలో గాలి. మేనేజరు దొరసాని లేచి నాలుగు మాటలు చెప్పి, బుగ్గలు ఎర్రబడి కూచుంది. పియానో గలగలమంది. గాలి నిజంగానే వచ్చింది, పాపం. ఆ తోటలో కత్తి పట్టిన చెయ్యి మాత్రం ఒక్కటీ లేదు.

అంతలో టక్కుమంది. తీగ బిగించే మూడో బిరడా జారింది. తీగ వదులై మూలిగింది. ఎల్లిస్ దొరసాని బిగించింది, మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ జారింది. జనం మర్యాదగా నవ్వారు. మూడోసారి బిగిస్తుంటే హార్పర్ దొర లేచి, మా అన్నయ్య దగ్గర ఎప్పుడూ ఇలా చెయ్యలేదే అన్నట్టు ఏదో అన్నాడు. అది నాలుగోసారి జారింది.

ద్రౌపది తాడు వదిలేసింది.

పంకా ఆగింది. గాలి ఆగేసరికి తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆమె తిన్నగా కుర్చీల మధ్యనుంచి నడిచివచ్చి, పళ్ళెంతో నిలబడ్డ వెంకటస్వామితో అంది:

"బాబాయ్, ఆ బిరడా నేను నిలబెడతానని చెప్పు."

వెంకటస్వామి పళ్ళెంలో గ్లాసులు గలగలలాడాయి. ఎలా చెప్పాడో, చెప్పాడు. హార్పర్ దొర ముందుకు రాబోయాడు. ఈలోగా ఎల్లిస్ దొరసాని, విసిగిపోయి ఉందేమో, ఫిడేలు ఈమె చేతికిచ్చేసింది.

ద్రౌపది నేలమీద కూచుంది.

దొరల ముందు కూలీ కూచోవడమే తప్పు. అందులోనూ కుర్చీల మధ్య, తాను రుద్దిన నేలమీద, మఠం వేసుకుని, కుడికాలు కాస్త ముందుకు చాచి మరీ కూచుంది. హాల్లో గుసగుస లేచింది. ఆమె బిరడా ఊడదీసింది. గోడ దగ్గరికి జరిగి, గోటితో ఇంత సున్నం గీకి, బిరడాకి రాసి, దాని కన్నంలో పెట్టి తిప్పింది. అంతే. కాకినాడలో ఉప్పుగాలికి రోజూ చేసే పనే. అప్పుడు ఫిడేలు తల దించి మడమ మీద ఆనించింది. మూడు గీతలూ కడియం మెలికల్లో ఒదిగిపోయాయి.

ఎల్లిస్ దొరసాని గౌను మడతలు పోగుచేసుకుని మోకాళ్ళ మీద కూచుంది. గీతలు చూసింది. కడియం చూసింది. ఒక్క వేలితో ఫిడేలు తల కొంచెం లేపి, మళ్ళీ దించింది. మళ్ళీ అక్కడే ఒదిగింది. ఆవిడ తలెత్తి హార్పర్ దొరని ఏదో అడిగింది. వెనక వరసల్లో ఎవరో ఫక్కున నవ్వారు.

"ఏమంటోంది?"

"వాళ్ళ అన్నగారు కాలికి కడియం పెట్టుకునేవాడా అని అడుగుతోంది" అన్నాడు వెంకటస్వామి.

హార్పర్ దొర మొహం కందగడ్డయింది. ఇది దొంగ, నిన్న హాలు కడగడానికి వచ్చినప్పుడు ఆ గీతలు ఇదే గీసి ఉంటుందని అరిచాడు. ఆ మాట తెలుగు చెయ్యడానికి నోరు తెరిచిన వెంకటస్వామి తెలుగు చెయ్యలేదు. పళ్ళెం పియానో మీద పెట్టాడు. వంటింట్లోకి వెళ్ళాడు. బియ్యం డబ్బా వెనక నుంచి గోనెసంచి తెచ్చి, మేజిస్ట్రేటు దొర కాళ్ళ దగ్గర పరిచి, చేతులు కట్టుకుని ఇంగ్లీషులో నాలుగే నాలుగు వాక్యాలు చెప్పాడు. బుధవారం దొర జీను మీంచి ఈ సంచి విప్పింది తనేనని, దాచింది కూడా తనేనని. సంచి మీద ఎర్రదారంతో ద్రౌపది కుట్టుకున్న చిలక అందరికీ కనబడుతూనే ఉంది.

అప్పుడు మేనేజరు దొరసాని పియానో ముందు నుంచి లేచింది. ఆవిడ చూపు సంచి మీద లేదు, ద్రౌపది పాదం మీద ఉంది. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా ఏదో అంది.

"తీసుకుపొమ్మంటోంది అమ్మీ" అన్నాడు వెంకటస్వామి. "నీ కాలు తగిలింది కదా, ఇంక ఆ ఫిడేలు వద్దట. పట్టుకుపో. లే, లే."

లేస్తే అయిపోయేది. ఫిడేలు చేతిలో ఉంది, తలుపు తెరిచి ఉంది. ద్రౌపది లేవలేదు. ఓహో, వీళ్ళకీ మడి ఉందన్నమాట! అనుకుంది. 

"మైలపడిందని పారేస్తే ఏరుకోడానికి రాలేదు నేను. ఎవరిదో చెప్పి ఇమ్మను. పట్టుకుపోయినవాడి నోటితోనే చెప్పమను. అందాకా ఇక్కణ్ణించి కదల్ను."

వెంకటస్వామి ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాడు. మేజిస్ట్రేటు దొర కుర్చీలో ఇటునుంచి అటు కదిలాడు. మేనేజరు దొర అతని వంక చూసి, తర్వాత "హార్పర్" అన్నాడు. ఒక్క మాటే. హార్పర్ దొర నేల చూస్తూ గొణిగాడు.

"నీదేనట."

"అటలూ గిటలూ నాకెందుకు బాబాయ్. బయటివాళ్ళకి వినబడేలా చెప్పు."

వెంకటస్వామి వరండాలోకి వెళ్ళి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, ముందు హిందుస్తానీలో, తర్వాత తెలుగులో కేకేశాడు: "ఫిడేలు ద్రౌపదిది! కులంబర్ ఒప్పుకున్నాడు!" కంచె అవతల నుంచి ఓ అని అరుపు లేచింది. అందులో ప్రేమ్‌వతి గొంతు అందరికన్నా పైకి వినబడింది.

ద్రౌపది సంచి అందుకుని ఫిడేలు అందులో పెట్టబోయింది. అప్పుడు ఎల్లిస్ దొరసాని ఇంకా మోకాళ్ళ మీదే ఉండి, మెల్లగా ఏదో అడిగింది. వెంకటస్వామికి నమ్మకం కుదరక మళ్ళీ చెప్పించుకున్నాడు.

"అమ్మీ, మిగిలిన పాటలకి నీ ఫిడేలు అరువివ్వగలవా అని అడుగుతోంది."

హాలంతా ఎదురుచూస్తోంది. మేనేజరు దొరసాని రుమాలు దించేసి, పియానో అంచు పట్టుకుని నిలబడింది. వద్దన్న ఫిడేలే ఇప్పుడు కావాలి; లేకపోతే ఆవిడ కట్టిన గాలి ఇక్కడితో ఆగిపోతుంది. ద్రౌపది తాపీగా ఆవిడ మొహం చూసింది. తర్వాత హార్పర్ దొర మొహం చూసింది.

"ఇస్తాను. ఎందుకివ్వను? విద్య ఉన్న చెయ్యి అడిగింది. కానీ రేపు పొద్దున్న ఇది నా గదికి రావాలి. తీసుకుపోయినవాడే తేవాలి. ఏ మేకు మీంచి తీశాడో, లోపలికొచ్చి ఆ మేకుకే తగిలించాలి."

వెంకటస్వామి చెబుతుంటే ఎల్లిస్ దొరసాని మధ్యలోనే తల ఊపింది. ఫిడేలు అందుకుని, అరిగిన తల వైపు ఒకసారి చూసింది. తుడవలేదు. భుజానికెత్తుకుంది. ద్రౌపది వెళ్ళి పంకా తాడు పట్టుకుంది, ఎందుకంటే హాల్లో ఉక్కగా ఉంది.

ఆదివారం ప్రేమ్‌వతి తెల్లారిన దగ్గర్నుంచీ తిడుతూనే ఉంది.

"పాగల్! చేతికొచ్చినదాన్ని మళ్ళీ ఇచ్చివచ్చావా? వాడు వస్తాడా? కులంబర్ మన గుమ్మం దూరతాడా? రాత్రే పొయ్యిలో పెట్టేసి ఉంటాడు."

ద్రౌపది గుమ్మం పక్కన లోపలే కూచుని చేటలో బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది. లైన్లో ఆ రోజు ఎవరికీ బయట పని లేదు, అయినా అందరూ ఆరుబయటే ఉన్నారు. కత్తులు నూరేవాళ్ళు నూరుతున్నారు, ఉతికిన బట్టలే ఉతికేవాళ్ళు ఉతుకుతున్నారు. ఎండ గోడల మీంచి జరిగి వాకిట్లోకి వచ్చింది. ప్రేమ్‌వతి తిట్లు కూడా అయిపోయాయి. 

కత్తి నూరే చప్పుడు ఒక్కసారిగా ఆగింది.

లైన్ చివర గొడుగు వేసుకుని ఎల్లిస్ దొరసాని నిలబడింది. పక్కన వెంకటస్వామి. ఆ ఇద్దరూ అక్కడే ఆగారు. హార్పర్ దొర ఒక్కడే, గుర్రం లేకుండా, చేతికర్ర లేకుండా, గోనెసంచి పట్టుకుని గదుల వరస పొడుగునా నడిచి వచ్చాడు. పలకరించినవాళ్ళు లేరు. సలాం చేసినవాళ్ళు లేరు.

గుమ్మం ముందు ఆగి సంచి లోపలికి చాచాడు. ద్రౌపది అందుకోలేదు. చేటలోంచి చెయ్యి తియ్యకుండానే గడ్డంతో గోడ వైపు చూపించింది.

అతను వెనక్కి చూశాడు. గొడుగు కదల్లేదు. టోపీ తీశాడు. నడుము వంచాడు, చాలలేదు, మోకాళ్ళు కూడా వంచి తల దించి లోపలికి వచ్చాడు. పొయ్యి దాటి, చాప దాటి రెండడుగులు వేశాడు. తాడు మేకుకి మొదటిసారి చిక్కలేదు. రెండోసారి చిక్కింది.

"వంకరగా ఉంది" అంది ద్రౌపది. "సరిగ్గా తగిలించు దొరా."

"టేఢా హై, సాహబ్" అంది ప్రేమ్‌వతి మూలనుంచి, అతనికి అర్థం కాలేదేమోనని.

హార్పర్ దొర తాడు సరిచేశాడు. ఎలా వంగి వచ్చాడో అలాగే వంగి వెళ్ళాడు.

అతని బూట్ల చప్పుడు లైన్ దాటేదాకా ద్రౌపది బియ్యం ఏరింది. రేపు సోమవారం. పొలంలో అందరికన్నా గట్టి నేల, అందరికన్నా పొడుగు చెరకు వరస రేపు తనకే పడతాయని ఆమెకి తెలుసు. పడనీ. చేట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కడియం పెట్టుకుంది. మేకు మీంచి సంచి దించి, దొరసాని బిగించిన తీగలు ఒక్కొక్కటే తన శ్రుతికి దింపుకుంది. ప్రేమ్‌వతి తలుపు చేరవెయ్యబోతే వద్దంది.

"తీసే ఉంచు. బంగళా దాకా వినబడాలి."